నూట ఇరవై దాటిన హార్మోనియం

వయొలిన్ మీద నా అసలు వేగం నూట ముప్పై రెండు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నేను పనిచేసిన సంగీత శిక్షణాలయం గోడ మీద నా పేరుకు ఎదురుగా నాలుగేళ్ళ పాటు నూట ఎనభై నాలుగు అని ఉండేది. ఆ అంకె నేను వేసింది కాదు. తుడిపిందీ లేదు.

అనంతపురంలో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఉండే ఆ శిక్షణాలయంలో జూన్ నెల మొదటి సోమవారం ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. వయొలిన్‌లో డిప్లొమా అప్పుడే చేతికొచ్చింది. రాప్తాడు నుంచి రోజూ బస్సు. నాలుగున్నరేళ్ళ తరువాత ఒక డిసెంబరులో మానేశాను. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి ఉద్యోగ విరమణ అనే మాట వాడితే నవ్వొస్తుంది. కానీ ఆ వృత్తిలోకి మళ్ళీ వెళ్ళను కాబట్టి, నా వరకు అది విరమణే.

అక్కడి హోదాల గురించి కొంత చెప్పాలి. అందరికంటే పైన కరస్పాండెంట్ సార్. ఆయన అంతకుముందు ఒక కోచింగ్ కాలేజీలో అడ్మిషన్లు చూసేవాడు. సంగీతం రాదు, ర్యాంకులు వచ్చు. ఆయన కింద సీనియర్ ఇన్‌స్ట్రక్టర్, ఆ కింద మేము ముగ్గురం. ముగ్గురిలో నన్ను రెండో ఏడు ‘స్పీడ్ ఇన్‌చార్జి’ని చేశారు. ఎక్కువ మాట్లాడను కాబట్టి ఎక్కువ పని జరుగుతుందని ఆయన అంచనా.

స్పీడ్ బ్యాచ్‌లో పని అంతా మెట్రోనోమ్‌తోనే. నిమిషానికి ఇన్నిసార్లు అని మనం చెప్పినట్టు టిక్కు టిక్కుమని కొట్టే యంత్రం అది. అరవై పెడితే నిమిషానికి అరవై దెబ్బలు. ఒక్కో దెబ్బకు నాలుగు స్వరాలు చొప్పున వాయించాలి. తప్పు లేకుండా మూడుసార్లు వాయిస్తే నాలుగంకెలు పెంచుతాం, తప్పితే ఎనిమిది తగ్గిస్తాం. వేగం పెరగడానికి ఇది మంచి పద్ధతే, నేనూ అట్లాగే నేర్చుకున్నాను. బెంగళూరు నుంచి తెప్పించిన పాతకాలపు చెక్క మెట్రోనోమ్ రిసెప్షన్‌లో అద్దాల పెట్టెలో ఉండేది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మేము ఫోన్‌లో యాప్ పెట్టి, స్పీకరుకు తగిలించేవాళ్ళం.

ఈ అంకెను కరస్పాండెంట్ సార్ మార్కులుగా మార్చాడు. ప్రతి నెలా చివరి శనివారం పరీక్ష, మరుసటి రోజు బోర్డు మీద పేర్లు, అంకెలు, మొదటి ముగ్గురి ఫొటోలు. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు ఇదే సౌకర్యంగా ఉండేది. రాగం బాగుందో లేదో వాళ్ళకు తెలియదు, అంకె తెలుస్తుంది. ఒక తండ్రి తన కూతురికి తొంభై రెండు వచ్చిందని విని, మిగతా ఎనిమిది ఎక్కడ పోయినాయని నన్ను నిలదీశాడు. మరుసటి నెల నూట నాలుగు వస్తే, నూటికి నూట నాలుగు వేస్తే ఎట్లా మేడం, మరీ లూజుగా దిద్దుతాండారు అని సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఫిర్యాదు చేశాడు.

ఇన్‌స్ట్రక్టర్ల అంకెలు కూడా బోర్డు మీద ఉండాలన్నది సార్ ఆలోచనే. నా వేగం ఎంతని అడగలేదు. పిల్లల్లో మొదటి ర్యాంకు నూట అరవై కాబట్టి నేను నూట ఎనభై నాలుగు అన్నాడు. నేను తలవంచుకుని రిజిస్టరు సర్దుకున్నాను. అప్పుడు నోరు తెరవనిదాన్ని ఆ తరువాత అంకెల గురించి ఏం మాట్లాడగలను?

నా కొలువు చివరి సంవత్సరం ఆగస్టులో ఓబులేసన్న వచ్చాడు. సోమందేపల్లె దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి. గొర్లున్నాయి, నాలుగెకరాల మెట్ట ఉంది. వాళ్ళ నాయన దగ్గర హార్మోనియం నేర్చుకుని ఇరవై ఏళ్ళుగా పౌరాణిక నాటకాలకు వాయిస్తున్నాడు. నాటకాల హార్మోనియం చేతితో తిత్తి కొట్టేది కాదు. కింద రెండు తొక్కుడు పలకలుంటాయి, కాళ్ళతో తొక్కితే గాలి వస్తుంది, రెండు చేతులూ స్వరాల మెట్ల మీద ఉంటాయి. మడతపెట్టే కాళ్ళున్న ఆ పెట్టెను ఆయన బస్సు టాపు మీద వేసుకుని వచ్చి, మేడ మెట్ల మీదుగా మోసుకుని పైకి తెచ్చాడు. మా రిసెప్షనిస్టు గ్యాస్ పొయ్యి రిపేరు కింది వీధిలో అని చెప్పింది.

ఆయనకొచ్చిన కష్టం ఇది. నాటక సమాజాన్ని నడిపే మిల్లు శెట్టిగారు ఈసారి జాతర్ల కాలానికి హిందూపురం నుంచి ఒక కీబోర్డు కళాకారుణ్ణి పెట్టుకోవాలని చూస్తున్నాడు. జనం పాటల్లో వేగం అడుగుతున్నారట. నవంబరులో ఇద్దరినీ కూర్చోబెట్టి వింటాను, వేగం ఉన్నవాడికి పెట్టె, అంటే వాయించే కొలువు, అన్నాడట. ఆ సమాజంలో నాయిక వేషాలు వేసే సరోజమ్మ మొదటి నుంచీ ఓబులేసన్న పెట్టె మీదే పద్యం పాడింది.

“మూడు నెలలుండాది మేడమ్మా. నా చేతులకు ఏమన్నా మందుంటే వెయ్యండి” అన్నాడు.

ఫారం నింపించి స్పీడ్ బ్యాచ్‌లో వేశాను. పెట్టె మా హాలులోనే ఉంచేశాడు. వానాకాలం నాటకాలు ఉండవు, ఊర్లో వాయించే పని లేదు. పేరుకే వానాకాలం. విత్తనం వేసినవాళ్ళు కూడా ఆకాశం చూడడం మానుకున్న సంవత్సరం అది. వారానికి మూడు రోజులు వచ్చి పన్నెండేళ్ళ పిల్లల మధ్య కూర్చునేవాడు.

మొదటి రోజు అరవై దగ్గరే ఆయనకూ యంత్రానికీ పడలేదు. ఆయన ఒక స్వరం మీద నచ్చినంతసేపు నిలబడతాడు. అది నిలబడదు. వాయించడం ఆపి స్పీకరు వైపు చూశాడు.

“ఏమమ్మా, ఇది ఎవురి కోసమూ నిలబడదా?”

నిలబడదన్నాను.

“ఊపిరి తీసుకునే పని ల్యాకపాయె దానికి” అన్నాడు.

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటను డైరీలో హాస్యం కింద రాసుకున్నాను. అందులో పాఠం ఉందని ఆ రోజు తట్టలేదు.

రెండు వారాల్లో ఆయన దారికొచ్చాడు. కాలిని దెబ్బకు కలపడం నేనే నేర్పాను. టిక్కుకు ఒకసారి కుడికాలు, మరుసటి టిక్కుకు ఎడమకాలు. అట్లా తొక్కితే కాలే తాళమై చేయి తప్పకుండా ఉంటుందని నా లెక్క. లెక్క సరిపోయింది. డెబ్బై రెండు, ఎనభై నాలుగు, తొంభై ఆరు. యాభై ఏళ్ళ చేతులకు నెల నెలా అంకె పెరుగుతుంటే కరస్పాండెంట్ సార్ సంబరపడిపోయాడు. నూట ఇరవై దాటిన రోజు ఫ్లెక్సీ వేయిస్తానన్నాడు. ‘వయసు అడ్డు కాదు’ అనే వాక్యం, ఓబులేసన్న ఫొటో, పక్కన అంకె. పిల్లల అడ్మిషన్లు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు తాతల అడ్మిషన్ల మీద దృష్టి పెట్టామన్నమాట.

అక్టోబరులో ఒక సాయంత్రం క్లాసు అయిపోయింది. పిల్లలు వెళ్ళిపోయారు, నేను యాప్ ఆపేశాను. బస్సుకు ఇంకా సమయముందని ఓబులేసన్న తన కోసం ఒక పద్యం ఎత్తుకున్నాడు. పద్యానికి తాళం ఉండదు. పాడే మనిషి ఇష్టం. రెండో పాదం చివర స్వరాన్ని పట్టి సాగదీస్తారు, దాన్నే రాగం తీయడం అంటారు. అక్కడ హార్మోనియం స్వరం దారంలాగా తెగకుండా సాగాలి. ఆ రోజు సాగలేదు. ఒకే స్వరం టుక్కు టుక్కుమని ఎగిరెగిరి పడింది. కిందికి చూశాను. యంత్రం ఆగిపోయినా ఆయన కాళ్ళు నిమిషానికి నూట పదహారు చొప్పున తొక్కుతూనే ఉన్నాయి.

ఆయనకు తెలియలేదు, నాకు తెలిసింది. చెప్పాలంటే అంకె పెంచడం ఆపి, కాలిని వెనక్కి తేవాలి. ఎనిమిదంకెల దూరంలో ఫ్లెక్సీ ఉంది. గోడ మీద నా నూట ఎనభై నాలుగు ఉంది. డైరీలో మాత్రం రాసుకున్నాను: యంత్రం ఆగింది, కాలు ఆగలేదు. డైరీలో రాసుకుంటే చెప్పినట్టేనని అనుకునే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నవంబరు మొదటి వారంలో నూట ఇరవై నాలుగుకు చేర్చి, సర్టిఫికెట్ ఇచ్చి, సోమందేపల్లెకు నేనూ వెళ్ళాను. ఫొటోలు తీసుకురమ్మని సార్ పంపించాడు.

ఇద్దరినీ విన్నది శెట్టిగారి చెనక్కాయల మిల్లులో, అంటే వేరుశనగ మిల్లులో. ఆ ఏడు కాయ రాలేదు, యంత్రాలకు టార్పాలిన్ పట్టలు కప్పేసి ఉన్నాయి, షెడ్డు నిండా చోటే. పట్టపగలు మూడు గంటలకు మొదలుపెట్టారు. ముందు ఇద్దరూ తెర పాట, అంటే తెర లేచేటప్పుడు వచ్చే పాట, వాయించారు. కీబోర్డు ఆయన బాగానే వాయించాడు. ఓబులేసన్న ఇంకా బాగా వాయించాడు. వేళ్ళు కనపడలేదు. శెట్టిగారు తొడ మీద చరుచుకున్నాడు.

“ఏమప్పా ఓబులేసూ, నూనె పోసుకుని వచ్చినావా చేతులకు?”

నేను ఫొటోలు తీశాను. నా మొహం వెలిగిపోయి ఉంటుంది.

తరువాత పద్యం. సరోజమ్మ లేచి కొంగు దోపుకుని నిలబడింది. పొట్టి మనిషి, ఓబులేసన్న వయసుదే. మొదటి పాదం బాగుంది. రెండో పాదం చివర ఆమె స్వరం పట్టి ఊపిరి తీసుకోబోయింది. ఇరవై ఏళ్ళుగా ఆమె అక్కడ ఊపిరి తీసుకుంటుంది, పెట్టె ఆ ఖాళీని కప్పుతుంది, ముందు కూర్చున్నవాళ్ళకు ఆమె గొంతు ఎక్కడా తెగినట్టు వినపడదు. ఆ రోజు పెట్టె కప్పలేదు. టుక్కు టుక్కుమంటూ మూడో పాదంలోకి వెళ్ళిపోయింది. ఆమె ఊపిరి చప్పుడు షెడ్డంతా వినపడింది. పరుగెత్తి అందుకుంది, మళ్ళీ వెనకపడింది, దగ్గొచ్చింది. ఆపేసింది.

“యాడికప్పా నన్ను ఇడిచిపెట్టి పోతాండావు?” అంది ఓబులేసన్నతో. “బస్సేమన్నా ఉండాదా?”

అందరూ నవ్వారు. ఓబులేసన్న కాళ్ళు ఇంకా తొక్కుతూనే ఉన్నాయి. ఆ నవ్వుల్లోనే ఆయన కిందికి చూసుకున్నాడు. వాటిని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు.

శెట్టిగారు తీర్పు చెప్పాడు. పెట్టె వేగం బ్రహ్మాండంగా ఉండాది, పెట్టె ఓబులేసుకే. ఆయమ్మకే దమ్ము అయిపోయినట్లుండాది. పదైదు రోజులకు మళ్ళీ వింటాను, అప్పుడూ ఇట్లే ఉంటే వేషం రాయదుర్గం ఆమెకు ఇస్తాను అన్నాడు. సరోజమ్మ కొంగు విడిచి ముఖం తుడుచుకుంది. నాటకం తప్ప ఆమెకు వేరే పని లేదు, కాయ రాని ఏడు కూలి పని అసలే లేదు.

అది ఆమె దమ్ము కాదు, నేను నేర్పిన కాలు అని చెప్పగలిగిన మనిషిని ఆ షెడ్డులో నేనొక్కదాన్నే. ఫోన్ సంచిలో పెట్టుకున్నాను.

ఓబులేసన్న మరుసటి రోజు పొద్దున్నే పెట్టెతో సహా శిక్షణాలయానికి వచ్చాడు. ఈసారి సరోజమ్మ కూడా వచ్చింది.

“నేర్పించినారు గదా మేడమ్మా. ఇప్పుడు మరిపించండి” అన్నాడు.

కరస్పాండెంట్ సార్‌ను అనుమతి అడిగాను. ఆయన శ్రద్ధగానే విని, రిజిస్టరు తెరిచి చూపించాడు. పెరుగుదల అని కాలమ్ ఉంది. తగ్గుదలకు కాలమ్ లేదు. పైగా ఫ్లెక్సీ నిన్ననే కట్టారు. హాలు వాడుకోండి గానీ రిజిస్టరులో నూట ఇరవై నాలుగే రాయండి, పరిస్థితి బాగుంటే నూట ఇరవై ఎనిమిది రాయండి అన్నాడు.

మరిపించడానికి కూడా నా దగ్గర ఉన్న పనిముట్టు మెట్రోనోమ్ ఒక్కటే. నలభైకి తగ్గించి, దాని మీద పద్యం వాయించమన్నాను. మూడు రోజులు అట్లా చేయించాను. స్వరం ఎగిరిపడుతూనే ఉంది, కాకపోతే తీరిగ్గా. సరోజమ్మ గోడకానుకుని కూర్చుని వక్కాకు నములుతూ చూసింది.

“వేగంగా తప్పు నేర్పిస్తివి. ఇప్పుడు నిదానంగా నేర్పిస్తాండావు” అంది నాతో. “ఆ కొట్టేదాన్ని ఆపు తల్లీ.”

ఆపాను. ఆమె లేచి వచ్చి బెంచీ మీద ఓబులేసన్న పక్కన కూర్చుని, చెప్పు విడిచి, తన కుడిపాదం ఆయన కుడిపాదం మీద పెట్టింది. కాళ్ళ గొలుసు తొక్కుడు పలకకు తగిలి గలగలమంది. ఎడమకాలు పక్కకు పెట్టుకో అంది. పద్యం ఎత్తుకుంది. ఊపిరి తీసుకునే చోట ఆమె పాదం మెల్లగా నొక్కుతుంది, ఆయన పాదంతో పాటు పలక దిగుతుంది, స్వరం నిలబడుతుంది. ఆయన కాలు ముందుకు పోబోతే మడమతో ఒక్కటి వేసేది.

“గొర్రెకు బుద్ధి చెప్పినట్లు చెప్తాండాది సూడండి మేడమ్మా” అనేవాడు ఆయన.

“గొర్రెయితే రెండు దినాల్లో నేర్చుకుంటాండె” అనేది ఆమె.

రోజు విడిచి రోజు ఇద్దరూ వచ్చేవాళ్ళు. నేను పక్కన కూర్చుని చూడడమే. జీతం తీసుకునేది నేను, నేర్పేది ఆమె; అయినా ఫారంలో ఆమెనే విద్యార్థిగా రాశాను. వారం గడిచాక సరోజమ్మ పాదం తీసేసి ఎదురుగా నిలబడింది. అప్పుడు నాకు ఇంకో సంగతి తెలిసింది. ఓబులేసన్న ఇరవై ఏళ్ళూ చూసింది మెట్ల వైపు కాదు, ఆమె కుడిభుజం వైపు. ఊపిరి తీసుకునే ముందు భుజం కొంచెం లేస్తుంది. అది లేవగానే కాలు నొక్కాలి. నా క్లాసులో మూడు నెలలు తల వంచి చేతులు చూసుకోమని చెప్పాను. తప్పులు తగ్గడానికి అది పుస్తకాల్లో ఉన్న సలహా.

పదిహేనో రోజు మళ్ళీ మిల్లుకు వెళ్ళాం. ఈసారి సార్ పంపలేదు, సెలవు పెట్టి వెళ్ళాను. సరోజమ్మ నాలుగడుగుల దూరంలో నిలబడి పద్యం ఎత్తుకుంది. రెండో పాదం చివర స్వరం పట్టింది, భుజం లేచింది, దిగింది. ఎక్కడ ఊపిరి తీసుకుందో నాకు తెలుసు, అయినా వినపడలేదు. రాగం తీసినంతసేపు షెడ్డులో ఎవరూ కదల్లేదు. బయట లారీ హారన్ కొడితే శెట్టిగారు విసుక్కున్నాడు.

పద్యం అయిపోయాక ఆయన తీర్పు: “దమ్ము తిరిగొచ్చినాది ఆయమ్మకు. ఏం కషాయం తాగినావు సరోజమ్మా?”

“అనంతపురం గాలి శెట్టీ” అంది ఆమె.

వేషం ఆమెకే ఖాయమైంది. ఆ దమ్ము పెట్టెదని ఎవరూ అనలేదు. తెర పాటకొచ్చేసరికి ఓబులేసన్న వేగం బాగా దిగిపోయింది. నా చెవి లెక్కకు తొంభై. శెట్టిగారు పంపకం చేశాడు. పాటలకు కీబోర్డు ఆయన, పద్యాలకు ఓబులేసు. ముందు మైకు దగ్గర కీబోర్డు, హార్మోనియం పక్క తెర దగ్గర. ముందు చోటు కోసమే మూడు నెలలు పిల్లల మధ్య కూర్చున్నవాడు బాధపడతాడనుకున్నాను.

“పక్కనే మేలు. ఆయమ్మ భుజం ఆణ్నుంచి బాగా కనపడుతుంది” అన్నాడు.

నెలాఖరు పరీక్షలో ఆయన అంకె ఎంతని సార్ అడిగాడు. తొంభై అన్నాను. అది కాదు, రాయాల్సిన అంకె అన్నాడు. డిసెంబరు మొదటి తేదీన రాజీనామా ఇచ్చాను. కారణం అన్న చోట వ్యక్తిగతం అని రాశాను. అట్లాగే రాస్తారు.

ఈ పని గురించి తెలుసుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ఒంటరిగా వాయించే చేతులకు మెట్రోనోమ్ మేలు చేస్తుంది, వాడండి. ఇంకొకరి గొంతు వెనక వాయించే మనిషికి నేర్పేటప్పుడు, ఆ గొంతు గల మనిషిని మొదటి రోజే హాలులోకి పిలిపించండి. అంకె పెరుగుతున్నప్పుడు పాతది ఏది పోతోందో చూడడం శిక్షకుల పని. చూసి ఊరుకోవడం మాత్రం ఏ పద్ధతిలోనూ భాగం కాదు. పద్ధతి చెడ్డదని ఆ తరువాత చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. పద్ధతి బాగానే ఉంది.

ఓబులేసన్ననూ సరోజమ్మనూ మళ్ళీ చూడలేదు. శెట్టిగారు రెండోసారి విన్న రోజు మిల్లు గేటు బయట ఓబులేసన్న పెట్టెను ఆటోలోకి ఎక్కిస్తుంటే సరోజమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. మెల్లగా అడిగింది, ఈయన కాలు అట్లా ఆడేది నీకు క్లాసులో కనపడలేదా అని. కనపడింది అన్నాను. ఎప్పుడు అంది. అక్టోబరులో అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. కోపం లేదు. వక్కాకు పక్కకు ఉమ్మి, ఆటో ఎక్కుతూ అంది:

“తెలిసిన పొద్దే ఒక మాట చెప్పింటే, నోట్లోంచి ముత్యాలు రాలిపోతాండెనా?”